కారు హీటర్ కోర్ లీకు, మార్పిడి: విజయనగరంలో మా షెడ్డుకి వచ్చేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కాళ్ల దగ్గర తడి, అద్దం లోపల జిడ్డు జిడ్డుగా మంచు, కారెక్కగానే ఏదో తియ్యటి వాసన. వీటిలో ఏదో ఒకటి చెప్పుకుంటూ బొబ్బిలి నుంచీ, గజపతినగరం నుంచీ, చీపురుపల్లి నుంచీ, ఒక్కోసారి శ్రీకాకుళం దాటి టెక్కలి నుంచి కూడా మా షెడ్డుకి బళ్లు వస్తుంటాయి. "డ్యాష్‌బోర్డు దించాలి" అనగానే ఎవరికైనా టెన్షనే. రోజూ ఫోన్లో ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేదంతా ఇక్కడ రాసి పెట్టాను. బండి తెచ్చే ముందు ఒకసారి చదవండి. చదివాక కొందరికి అసలు తేవలసిన పనే ఉండకపోవచ్చు.

హీటర్ కోర్ అంటే ఏమిటి? ఎక్కడ ఉంటుంది?

బానెట్ ఎత్తితే ముందు కనిపించే రేడియేటర్‌కి ఇది చిన్న తమ్ముడు. లావుపాటి నోట్‌బుక్ అంత ఉంటుంది. మా వైపు చాలామంది హీటర్ కాయిల్ అని కూడా అంటారు. ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవమే కూలెంట్. ఇంజిన్‌లో కాగిన ఆ కూలెంట్ రెండు రబ్బరు పైపుల గుండా, ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉన్న రేకు గోడ దాటి, దీనిలోకి వచ్చి మళ్లీ ఇంజిన్‌లోకి వెళ్లిపోతుంది. బ్లోయర్ గాలి దీని మీదుగా వస్తే వేడి గాలి. ఏసీకి ఉండే కూలింగ్ కాయిల్ వేరు. అయితే రెండూ డ్యాష్‌బోర్డు వెనక ఒకే ప్లాస్టిక్ డబ్బాలో ఉంటాయి. అందుకే ఒకదాని జబ్బుని ఇంకోదానిదని పొరబడుతుంటారు.

మన ఊళ్లో హీటర్ ఎవరు వేసుకుంటారండీ? అది పాడైతే మాత్రం ఏం?

అందరికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. ఏడాదిలో పది నెలలు చెమటలు కక్కే చోట ఈ మాట సహజమే.

మీరు హీటర్ వేసినా వేయకపోయినా చాలా కార్లలో కూలెంట్ దాని గుండా తిరుగుతూనే ఉంటుంది. మీరు తిప్పే నాబ్ లోపల ఉన్న ఒక చిన్న తలుపుని మాత్రమే కదుపుతుంది. ఆ తలుపు గాలిని కోర్ మీదుగా పంపాలా, పక్క నుంచి పంపాలా అన్నది చూసుకుంటుంది. కూలెంట్‌ని అది ఆపదు. కాబట్టి కోర్‌కి చిల్లు పడిందంటే మండు వేసవిలో కూడా కారుతుంది. కారిందంతా ఇంజిన్‌ని చల్లబరచాల్సిన కూలెంట్. అది తగ్గితే ఇంజిన్ వేడెక్కుతుంది, ఇంజిన్ పై భాగం కింద ఉండే సీలు, అదే హెడ్ గాస్కెట్, పోతుంది. అప్పుడు అయ్యే ఖర్చు ముందు డ్యాష్‌బోర్డు దించే లేబర్ ఒక లెక్కా?

ఇంకో మాట. పుష్యమాసంలో తెల్లవారుజామున నరసన్నపేట నుంచి శ్రీకాకుళం వైపు హైవే మీద వచ్చినవాళ్లకి, ఎస్.కోట మీదుగా అరకు ఎక్కినవాళ్లకి, లోపల అద్దం ఎలా మసకబారుతుందో తెలుసు. ఏసీ వేసి, నాబ్ వేడి వైపు తిప్పి, గాలిని అద్దం మీదకి పెడితే తొందరగా విడుతుంది. ఏసీ గాలిలో తేమని లాగేస్తుంది, హీటర్ ఆ గాలిని వేడి చేస్తుంది. హీటర్ లేకపోతే సగం పనే అవుతుంది.

కార్పెట్ తడిసింది. ఏసీ నీళ్లా, కూలెంటా? ఎలా తెలుస్తుంది?

ఈ ఒక్క జవాబు మాత్రం నిదానంగా చదవండి.

చాలా ఏళ్ల కిందట పలాస నుంచి ఒక కారు వచ్చింది. ఎడమ సీటు ముందు కార్పెట్ నానిపోయి ఉంది. తడి చూడగానే హీటర్ కోర్ అనేశాను. ఒకటిన్నర రోజు కష్టపడి డ్యాష్‌బోర్డు దించాను. తీరా చూస్తే కోర్ పొడిగా, పైన దుమ్ము పట్టి, నిక్షేపంలా ఉంది. ఏసీ నీళ్లు బయటికి పోయే రబ్బరు గొట్టంలో మట్టీ ఆకులూ గట్టిపడిపోయి, నీళ్లు దారి లేక లోపలికి కారుతున్నాయి. సన్నటి తీగ పెట్టి పొడిస్తే పది నిమిషాల పని అది. ఆయన దగ్గర లేబర్ తీసుకోలేదు. కానీ ఆ రెండు రోజులూ ఆయన బస్సుల్లో తిరిగారు, అది నేను తిరిగి ఇవ్వలేనిదే కదా. ఆ తర్వాత నుంచి రుజువు లేకుండా ఏ డ్యాష్‌బోర్డు మీదా స్క్రూడ్రైవర్ పెట్టలేదు.

మీ ఇంటి దగ్గరే ఇలా చూసుకోండి. తెల్లటి టిష్యూ పేపరో, పాత తెల్ల బనీను ముక్కో తడి మీద గట్టిగా అదమండి. ఏసీ నీళ్లైతే రంగూ వాసనా ఉండవు, ఆరితే మచ్చ కూడా మిగలదు. కూలెంటైతే లేత ఆకుపచ్చో, ఎరుపో, నీలమో అంటుకుంటుంది. రెండు వేళ్ల మధ్య రుద్దితే నూనె కలిసిన నీళ్లలా జారుతుంది. వాసన బెల్లప్పాకం మాడకముందు వచ్చే వాసనలా తియ్యగా ఉంటుంది. పాతకాలం మెకానిక్‌లు కొందరు నాలిక మీద వేసుకుని చూసేవారు. ఆ పని మాత్రం ఎప్పుడూ చేయకండి, కూలెంట్ విషం.

ఇంకా అనుమానంగా ఉంటే, పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ బాటిల్ మీద మార్కర్‌తో గీత పెట్టండి. నాలుగు రోజులు ఏసీ వేయకుండా తిప్పండి. గీత దగ్గర మట్టం అలాగే ఉండి కార్పెట్ ఆరిపోతే అవి ఏసీ నీళ్లు. ఏసీ వేయకపోయినా తడి పెరుగుతూ, మట్టం గీత కిందికి దిగుతూ ఉంటే అది కూలెంటే. వర్షాకాలంలో అయితే డోరు రబ్బర్లు, ముందు అద్దం చుట్టూ గమ్ కూడా చూడాలి. వాన నీళ్లు కూడా సరిగ్గా అక్కడికే చేరతాయి.

షెడ్డులో మీరు ఎలా ఖాయం చేస్తారు?

ప్రెజర్ టెస్ట్. రేడియేటర్ మూత తీసి అక్కడ చేతిపంపు బిగిస్తాం. మూత మీద 0.9 అనో 1.1 అనో రాసి ఉంటుంది, అన్ని బార్‌ల (బార్ అంటే ఒత్తిడి కొలత) వరకు గాలి కొట్టి వదిలేస్తాం. ముల్లు నిలబడితే లీకు లేదు. ముల్లు దిగుతూ ఉండి, ఇంజిన్ చుట్టూ ఎక్కడా చుక్క కనిపించకపోతే చూపు క్యాబిన్ వైపు తిప్పుతాం. చాలా కార్లలో గ్లోవ్‌బాక్స్ తీస్తే హీటర్ డబ్బా కనిపిస్తుంది. దాని కింద చేయి పెడితే తెలిసిపోతుంది. పక్కన నిలబడి చూడండి. చూపించకుండా "కోర్ పోయింది" అన్నవాళ్లకి వెంటనే ఒప్పుకోవలసిన పని లేదు, మేమైనా సరే.

ఒక్కోసారి కోర్ బాగానే ఉండి, దాని పైపుల దగ్గర ఓ-రింగో (జాయింటులో ఉండే రబ్బరు ఉంగరం), క్లిప్పో పోయి కారుతుంది. అదైతే మీ అదృష్టం.

తడి లేదు, వాసన లేదు. కానీ వేడి గాలి రావట్లేదు. మార్చాలా?

తొందరపడకండి. ఇంజిన్ బాగా వేడెక్కాక కోర్‌కి వెళ్లే రెండు పైపులనీ గుడ్డతో పట్టుకుని చూడండి. ఒకటి కాలిపోతూ రెండోది చల్లగా ఉంటే లోపల తుప్పుతో పూడుకుపోయింది. రెండూ వేడిగా ఉంటే కోర్ బాగున్నట్టే, నాబ్‌తో కదిలే తలుపో దాని మోటారో పని చేయట్లేదు. రెండూ చల్లగా ఉంటే కూలెంట్ తక్కువైనా, గాలి పట్టినా, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వు) తెరుచుకుని ఇరుక్కుపోయినా కావచ్చు. వేడి నీళ్లని ఆపే వాల్వు ఉన్న కార్లలో ఆ వాల్వు కూడా చూడాలి.

పూడుకుపోయిన కోర్‌ని ముందు కడిగి చూస్తాం. రెండు పైపులూ విప్పి, నీళ్లు వచ్చే దారి కాకుండా పోయే దారి నుంచి తోట పైపుతో మెల్లగా వదులుతాం. మొదట కుంకుడు రసంలాంటి గోధుమరంగు నీళ్లు, వాటి వెంట తుప్పు పెళ్లలు వస్తాయి. నీళ్లు తేటపడే దాకా అటూ ఇటూ మార్చి వదలాలి. ప్రెజర్ వాషర్ పెట్టకూడదు, పల్చటి గొట్టాలు చిట్లుతాయి. సగం బళ్లు కాకపోయినా చాలా బళ్లు దీంతోనే బాగవుతాయి.

అసలు ఇది ఎందుకు పాడవుతుంది?

ఎక్కువగా నీళ్ల వల్లే.

బండి వేడెక్కిందని దారిలో ఆపుతాం. పక్కన బోరింగ్ ఉంటుంది, సీసాతో పట్టి పోసేస్తాం. ఒక్కసారికి ఏమీ కాదు, ఆపదలో పోయాల్సిందే. కానీ ఆ తర్వాత దాన్ని తీసి కూలెంట్ వేయించేవాళ్లు తక్కువ. బోరు నీళ్లలో ఉన్న సున్నం ఇంట్లో వేడినీళ్ల గీజర్ రాడ్‌కి ఎలా తెల్లగా పేరుకుంటుందో కోర్ లోపల కూడా అలాగే పేరుకుంటుంది. దాని గొట్టాలు ఎంత సన్నం అంటే బాల్‌పెన్ రీఫిల్ దూరడం కూడా కష్టమే. పైగా ఉత్త నీళ్లకి తుప్పు పట్టించే గుణం ఉంది. ఇప్పటి కోర్‌లు అల్యూమినియంవి, పెద్ద చిల్లు అక్కర్లేదు, సూదిమొన అంత చాలు.

"మన దగ్గర మంచు గడ్డ కట్టదుగా, కూలెంట్ ఎందుకు" అంటారు. గడ్డ కట్టకుండా చూడటం దాని పనుల్లో ఒకటి మాత్రమే. తుప్పు రాకుండా కాపాడే మందులు అందులోనే ఉంటాయి. మరుగు స్థాయిని కూడా పెంచుతుంది. ఉత్త నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరిగితే, సగం కూలెంట్ సగం నీళ్ల మిశ్రమం దాదాపు 107 దగ్గర మరుగుతుంది. మూత బిగించి ఉంటే వచ్చే ఒత్తిడి వల్ల ఇంకా పైకి పోతుంది. ఆ తుప్పు మందులు కాలం గడిచేకొద్దీ అయిపోతాయి. రంగు అలాగే ఉంటుంది కాబట్టి బాగుందనుకుంటాం. మీ కారు పుస్తకంలో రాసిన గడువుకి మార్పించండి. కలిపే నీళ్లు డిస్టిల్డ్ వాటరే కావాలి. బ్యాటరీలో పోసేది దుకాణంలో దొరుకుతుంది, అది చాలు. ఆసిడ్ కలిపినది కాకుండా చూసుకోండి.

రంగు చూసి కూలెంట్ కలపకండి. ఆకుపచ్చవన్నీ ఒకటి కాదు, ఎరుపువన్నీ ఒకటి కాదు. పొసగని రకాలు కలిస్తే జిగురులా గడ్డకట్టి, ముందుగా ఈ సన్న గొట్టాల్లోనే ఇరుక్కుంటాయి.

చాలామందికి తెలియని కారణం ఒకటి ఉంది, ఎర్తింగ్. హారన్లు, ఫాగ్ లైట్లు, పెద్ద సౌండ్ సిస్టమ్ బయట పెట్టించుకున్నప్పుడు ఎర్త్ సరిగ్గా ఇవ్వకపోతే కరెంటు కూలెంట్ గుండా దారి వెతుక్కుంటుంది, కోర్‌ని తినేస్తుంది. మల్టీమీటర్ ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్‌కి, రెండోది లోహానికి తగలకుండా కూలెంట్‌లోకి పెట్టి చూస్తాం. 0.1 వోల్టు లోపు ఉంటే నిశ్చింత. 0.3 దాటితే ఎర్త్ వైర్లు వెతకాల్సిందే. కొత్త కోర్ వేసిన ఏడాదికే మళ్లీ పోయిందంటే మేము ముందు చూసేది ఇదే.

పసుపు వేస్తే లీకు ఆగుతుందంటారు. లీక్ స్టాప్ పౌడర్ కూడా అమ్ముతున్నారు కదా?

రేడియేటర్‌లో పసుపు వేయడం మన లారీ డ్రైవర్ల పాత చిట్కా. అర్ధరాత్రి అడవి దారిలో ఊరు చేరడానికి అది కొందరిని గట్టెక్కించింది, కాదనను. కానీ పసుపుకి గానీ పౌడర్‌కి గానీ ఏది చిల్లో ఏది దారో తెలియదు. ఎక్కడ సన్నంగా ఉంటే అక్కడ కూర్చుంటుంది. అన్నిటికంటే సన్నటి దారి హీటర్ కోర్‌దే. వేసి ఉంటే దాచకుండా చెప్పండి. సిస్టమ్ అంతా కడిగాకే కొత్త కోర్ పెట్టాలి, లేకపోతే కొత్తది కూడా అదే దారి పడుతుంది.

డబ్బు సర్దుబాటు కాలేదు. బైపాస్ చేసి ఇవ్వగలరా?

చేస్తాం. కోర్‌కి వెళ్లే పైపునీ, వచ్చే పైపునీ ఇంజిన్ వైపే ఒకదానికొకటి కలిపేస్తాం. లీకు వెంటనే ఆగుతుంది, ఏసీ మామూలుగా పనిచేస్తుంది, వేడి గాలి రాదు.

రెండు జాగ్రత్తలు. పైపులని కలపాలి గానీ, బోల్టులు దూర్చి మూసేయకూడదు. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ మూసి ఉన్నంతసేపు కూలెంట్ తిరిగేది ఆ దారినే, మూస్తే ఇంజిన్‌లో ఒకచోట వేడి పేరుకుంటుంది. కలిపే జాయింటు కూడా వేడికి తట్టుకునేది కావాలి. ఇంటి పైపుల ప్లాస్టిక్ ముక్క పెట్టి తెచ్చిన బండి ఒకటి చూశాను, మెత్తబడి వంగిపోయి ఉంది.

ఎన్నాళ్లు తిరగొచ్చు అంటే, ఊళ్లో తిరిగే బండికి కొన్ని నెలలు ఫరవాలేదు. కొండ దారుల్లో తిరిగేవాళ్లకి మాత్రం నేను ఒప్పుకోను. ఎందుకో కింద చదవండి.

ఘాట్‌లో ఇంజిన్ వేడెక్కితే హీటర్ వేయమంటారు. నిజమేనా?

నిజం. సాలూరు దాటి కోరాపుట్ వైపు సుంకి ఘాట్ ఎక్కుతున్నారు, బండి నిండా మనుషులు, టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది. ఏసీ ఆపండి. అద్దాలు దించండి. హీటర్ పూర్తి వేడికి తిప్పి బ్లోయర్ గట్టిగా పెట్టండి. ఇంజిన్ వేడిలో కొంత ఈ చిన్న రేడియేటర్ గుండా బయటికి పోతుంది. ఉక్కిరిబిక్కిరిగా ఉంటుంది, కానీ ఆగడానికి చోటు దొరికే దాకా ఇంజిన్‌ని కాపాడుతుంది. ముల్లు ఎరుపులోకి వెళ్లిపోతే మాత్రం ఇంకేమీ చూడకుండా పక్కకి తీసి ఆపేయండి. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు. ముఖం, చేతులు కాలినవాళ్లని చూశాను.

డ్యాష్‌బోర్డు దించకుండా కుదరదా? ఎన్ని రోజులు పడుతుంది?

కారుని బట్టి. కొన్నింటిలో గ్లోవ్‌బాక్స్, మధ్య కన్సోల్ తీస్తే కోర్ పక్క నుంచి జారి వస్తుంది, ఒక పూట పని. ఎక్కువ కార్లలో మాత్రం స్టీరింగ్, మీటర్, డ్యాష్‌బోర్డు, దాని వెనక అడ్డంగా ఉండే ఇనుప కడ్డీ అన్నీ విప్పాలి. దానికి రెండు రోజులు ఇవ్వండి. పార్టు ధర కంటే లేబర్ ఎక్కువ కావడానికి కారణం అదే. ఒక్క రోజులో ఇచ్చేస్తామంటే ఎక్కడో క్లిప్పులు విరుగుతాయి, ఆ తర్వాత ప్రతి గుంతలోనూ డ్యాష్‌బోర్డు కిర్రుమంటుంది.

ఏసీ గ్యాస్ పోతుందా?

డబ్బా మొత్తం బయటికి తీయాల్సిన కార్లలో ఏసీ పైపులు విప్పక తప్పదు. గ్యాస్‌ని మెషిన్‌తో వెనక్కి లాగి ఉంచుకుని, తర్వాత వాక్యూమ్ చేసి పట్టాలి. పైపు వదులు చేసి గాలిలోకి వదిలేయడం తప్పు పని. జాయింట్ల దగ్గర కొత్త ఓ-రింగులు వేయించండి. కూలింగ్ కాయిల్ పాతబడి ఉంటే అప్పుడే దాన్నీ చూపించుకోండి, రెండోసారి ఇదంతా విప్పించే లేబర్ మిగులుతుంది.

నేను ఇంట్లో చేసుకోగలనా?

పక్క నుంచి జారి వచ్చే రకమైతే, చేతికి పని అలవాటైతే, చేసుకోవచ్చు. డ్యాష్‌బోర్డు దించే రకమైతే వద్దనే చెబుతాను. కారణం ఎయిర్‌బ్యాగ్. బ్యాటరీ నెగటివ్ విప్పి, కారు పుస్తకంలో చెప్పినన్ని నిమిషాలు ఆగాకే పసుపు రంగు కనెక్టర్ల జోలికి పోవాలి. స్టీరింగ్ తీసేటప్పుడు చక్రాలు ఏ పక్కకీ తిరగకుండా తిన్నగా ఉండాలి, లేకపోతే లోపలి రిబ్బన్ కేబుల్ తెగుతుంది.

అయినా మొదలుపెట్టారా? ఏళ్ల తరబడి అతుక్కుపోయిన రబ్బరు పైపుని మెలితిప్పి లాగకండి. బ్లేడుతో పొడుగునా కోసి ఒలిచేయండి. పైపు పోతే కొత్తది దొరుకుతుంది, మెలితిప్పితే కోర్ కొమ్ము (పైపు తొడిగే గొట్టం) వంగుతుంది. విప్పిన స్క్రూలని ఏ ముక్కవి ఆ ముక్కతో కవర్లో వేసి పేరు రాసుకోండి. పాత కోర్ చుట్టూ ఉన్న ఫోమ్ పట్టీలని పారేయకండి, పాడైతే కొత్తవి అంటించండి. అవి లేకపోతే గాలి కోర్ పక్కనుంచి దాటిపోయి, కొత్తది వేసినా వేడి రాదు.

కంపెనీ పార్టా, బయటిదా?

ఈ ఒక్క పార్టు విషయంలో ఆశపడొద్దు. రెండు రోజుల శ్రమ దాని మీద ఆధారపడి ఉంది. సెకండ్‌హ్యాండ్ కోర్ మేము వేయం. బయటి కంపెనీదైతే పాతదాని పక్కన పెట్టి పైపుల వంపు, కొలత సరిచూసి, బిగించే ముందే నీళ్లలో ముంచి గాలి కొట్టి చూస్తాం.

మాది సీఎన్‌జీ బండి. తేడా ఉందా?

ఉంది. సిలిండర్‌లో 200 బార్ దాకా ఉన్న గ్యాస్, ఆ ఒత్తిడిని తగ్గించే రెడ్యూసర్‌లో ఒక్కసారిగా వ్యాకోచించి దాన్ని బాగా చల్లబరుస్తుంది. దాన్ని వెచ్చగా ఉంచడానికి చాలా కిట్లలో కూలెంట్‌ని ఈ హీటర్ పైపుల నుంచే తీసుకుంటారు. కాబట్టి బైపాస్ చేసేటప్పుడు రెడ్యూసర్‌కి వెళ్లే దారి తెగకూడదు. ఆ టీ-జాయింట్ల దగ్గర కూడా లీకులు వస్తాయి, అవి ముందు చూడండి.

కొత్త కోర్ వేశాక బండి వేడెక్కుతోంది. ఏం జరిగింది?

చాలావరకు గాలి పట్టింది. కోర్ కాస్త ఎత్తులో ఉంటుంది, గాలి బుడగ అక్కడే కూర్చుంటుంది. డ్యాష్‌బోర్డు వెనక గలగలమని నీళ్ల చప్పుడు వినిపిస్తే అదే గుర్తు. ఇంజిన్ చల్లారాక, బండి ముందు భాగం ఎత్తులో పెట్టి, నాబ్ వేడికి తిప్పి, కూలెంట్ నెమ్మదిగా పోయాలి. మూత తీసే ఉంచి ఐడిల్‌లో నడపాలి. బుడగలు వచ్చే కొద్దీ మట్టం దిగుతుంది, పోస్తూ ఉండాలి. గాలి తీసే స్క్రూ ఉన్న కార్లలో అది వదులు చేయాలి. మూత బిగించాక ఫ్యాన్ రెండుసార్లు తిరిగే దాకా ఉంచి, పూర్తిగా చల్లారాక మళ్లీ మట్టం చూడాలి. మర్నాడు పొద్దున్న కూడా ఒకసారి చూడమని అందరికీ చెబుతాం.

కార్పెట్ వాసన పోవట్లేదు.

కూలెంట్ నీళ్లలా ఆరిపోదు. కార్పెట్ కింద ఫోమ్ ఉంటుంది, అదే దాన్ని పీల్చుకుని కూర్చుంటుంది. సీట్లు విప్పి, కార్పెట్ ఎత్తి, మంచి నీళ్లతో రెండు మూడు సార్లు కడిగి, రెండు రోజులు మంచి ఎండలో వేయాలి. కింద రేకు తుడిచి, అక్కడున్న వైర్ల కనెక్టర్లు తడి లేకుండా చూడాలి. ముందు అద్దం లోపలి జిడ్డు ఒక్క తుడుపుతో పోదు. సబ్బు నీళ్లతో తుడిచి, పొడి గుడ్డ మారుస్తూ మూడు నాలుగు సార్లు చేయండి. రాత్రి ఎదురు బళ్ల లైట్లకి అద్దం చెదిరినట్టు కనిపించేది ఆ జిడ్డు వల్లే.

తీసేసిన కూలెంట్ ఎక్కడ పారబోయాలి?

నేల మీద, కాలవలో, చెట్టు మొదట్లో ఎక్కడా వద్దు. మామూలు కూలెంట్‌లో ఉండేది ఇథిలీన్ గ్లైకాల్. అది తియ్యగా ఉంటుంది, మూత్రపిండాల్ని చంపేస్తుంది. మా షెడ్డు మొదట్లో ఒక మధ్యాహ్నం, బండి కింద పెట్టిన ట్రే దగ్గరికి వీధికుక్క వచ్చి నాలిక పెట్టబోయింది. కుర్రాడు చూసి తరిమాడు కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి ట్రే నిండగానే మూత ఉన్న క్యాన్‌లోకి పోసేస్తాం, కారిన చోట ఇసుక వేసి ఎత్తి, నీళ్లతో కడుగుతాం. ఇంట్లో మిగిలిన కూలెంట్‌ని మంచినీళ్ల సీసాలోనో, కూల్‌డ్రింక్ సీసాలోనో మాత్రం పోసి ఉంచకండి. పిల్లలు తాగితే, బాగానే ఉన్నట్టు కనిపించినా, ఆ డబ్బా పట్టుకుని వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. కార్పెట్ తడిసిన బండిలో చంటిపిల్లల్ని కింద ఆడుకోనివ్వొద్దు.

పని అయ్యాక మళ్లీ ఎప్పుడు తేవాలి?

వారం తిరిగాక ఒకసారి రండి, పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు. మట్టం చూస్తాం, క్లిప్పులు ఇంకో చుట్టు బిగిస్తాం, కార్పెట్ కింద చేయి పెట్టి చూస్తాం. పది నిమిషాలు పడుతుంది, డబ్బులు తీసుకోం.